అమ్మ బీపీ లెక్క: 56 రోజుల ప్రాజెక్టు డైరీ

0వ రోజు, ఉగాది పోయిన వారం

కడప ఏడు రోడ్ల దగ్గర నాకు ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు, నీళ్ళలో పడిన సెట్లు, వీటితోనే పొద్దు గడిచిపోతాది. బీపీ గురించి నాకు తెలిసిందల్లా అమ్మ మాత్రల డబ్బా ఎక్కడుంటాదో, అంతే.

అమ్మకు 62. ఆరేండ్లుగా మాత్ర మింగుతాంది. మూడు నెలలకొకసారి డాక్టరు దగ్గరికి నేనే తీసుకపోతాను. అక్కడ జరిగేది ఎప్పుడూ ఒకటే. మెట్లెక్కి పైకి పోతాము, గంటన్నర బెంచీ మీద కూర్చుంటాము, టోకెను పిలవంగానే అమ్మ గబగబా లేచి పోతాది, కూర్చునీ కూర్చోకముందే నర్సమ్మ చేతికి పట్టీ చుట్టేస్తాది. మొన్న 164/94 వచ్చింది. “ఇంట్లో ఎంత ఉంటాంది?” అని డాక్టరు అడిగినాడు. నేను అమ్మ మొకం చూసినా, అమ్మ నా మొకం చూసింది.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీదనే అనుకున్నా. నా దగ్గర ఫోన్లకు కొదవ లేదు. ఇంట్లో బీపీ చూసి, ఫోన్లో ఎక్కించి, మాత్ర టయానికి గుర్తు చేసి, వచ్చేసారి ఆ లెక్క డాక్టరు టేబుల్ మీద పెట్టాల. రెండు నెలలు చూద్దాం. ఏం చేసింది, ఏం చెడిపోయింది ఇక్కడ రాస్తా పోతా.

1వ రోజు

అంగడికి ఒకాయన వచ్చినాడు. యాభై దాటిన మనిషి. “అబ్బా, ఏలు పెడితే బీపీ చెప్పే యాప్ ఉందంట కదా, నా ఫోన్లో ఎయ్యి” అన్నాడు. వెతికితే ఒకటి కాదు, డజను ఉన్నాయి. ఒకటి ఎక్కించినా. వెనక కెమెరా మీద వేలు పెట్టినాడు, లైటు వెలిగింది, 118/78 అని వచ్చింది. ఆయన మొకం వెలిగిపోయింది. “ఇంగ మాత్రలు నిలిపేస్తా” అన్నాడు.

నాకు గుండె ఝల్లుమంది. నిలపొద్దన్నా, వింటేనా. అప్పుడే పక్కంగట్లో నుంచి ఒక టమాట తెచ్చి, అదే కెమెరా మీద అదిమి పట్టినా. ఇరవై సెకన్లకు టమాటకు నాడి 74, బీపీ 121/80 అని చెప్పింది. ఆయన టమాట వైపు చూసి, ఫోన్ వైపు చూసి, “దీనికి నా కన్న మేలుగా ఉంది” అని యాప్ తీసేయించుకుని పోయినాడు.

అన్నీ టమాటకు లెక్క చెప్పేంత దొంగ యాపులు కాకపోవచ్చు. కానీ అసలు సంగతి వేరే ఉంది. కెమెరా లైటు వేలి గుండా పోయి వచ్చేటప్పుడు, రక్తం ఎగదన్నిన ప్రతిసారీ వెలుగు రవంత తగ్గుతాది. దాన్నిబట్టి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క పెట్టొచ్చు. అంతవరకు నిజమే. ఒత్తిడి అట్ల తెలియదు. దాన్ని కొలవాలంటే దేన్నైనా నొక్కి చూడాల్సిందే. అమెరికాలో ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్ అనే యాప్ ఒకటి బాగా అమ్ముడుపోయింది. 2016లో పరిశోధకులు పరీక్షిస్తే, బీపీ ఎక్కువున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి ఏమీ లేదని చెప్పిందని తేలింది. అదే ఏడాది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని కంపెనీ మీద చర్య తీసుకుంది. బీపీ చెప్పే వాచీలు కూడా కొన్ని నెలకొకసారి పట్టీ మిషనుతో సరిచూసుకోమని అడుగుతాయి. అంటే తిరిగి తిరిగి పట్టీ దగ్గరికే రావాల.

కాబట్టి మొదటి తీర్మానం: ఫోను కొలవదు, రాసుకుంటాది అంతే.

3వ రోజు

బ్లూటూత్ ఉండే బీపీ మిషను తెచ్చినా. మణికట్టుకు పెట్టేది కాదు, దండచేతికి చుట్టేది. మణికట్టువి చెయ్యి రవంత పైకి కిందికి అయినా అంకె మారిపోతాది.

కొత్తది విప్పితే అమ్మ తిడుతాది కాబట్టి, అంగట్లో ఎవరో పారేసిపోయిన పాత మిషనును విప్పి చూసినా. లోపల పెద్ద మాయేం లేదు. బొటనవేలంత మోటారు పంపు, గాలి వదిలే వాల్వు, గాలి ఒత్తిడి చూసే సెన్సరు, ఒక చిప్పు. పట్టీ ఉబ్బి రక్తనాళాన్ని నొక్కేస్తాది, తర్వాత మెల్లగా గాలి వదులుతాది. మళ్ళీ రక్తం దూసుకుపోయేటప్పుడు నాళం కొట్టుకునే అదురు పట్టీలోని గాలికి తగులుతాది. ఆ అదురు ఎక్కడ మొదలై, ఎక్కడ ఎక్కువై, ఎక్కడ తగ్గిందో చూసి చిప్పు లెక్క కడుతుంది. పైదీ కిందిదీ నేరుగా కొలిచినవి కావు, ఆ అదురు నుంచి కట్టిన లెక్కలు. అందుకే చెయ్యి కదిలితే, నాడి తప్పుతా కొట్టుకుంటే అంకె తారుమారు అవుతాది.

మొదటి రోజే ఒక దెబ్బ తగిలింది. డబ్బాలో వచ్చిన పట్టీ మీద 22–32 సెంటీమీటర్లు అని ఉంది. దర్జీ టేపుతో అమ్మ దండచెయ్యి కొలిస్తే 34. పట్టీ చుట్టుకుంటాది గానీ, అతుకు అంచుకు వచ్చి పటపటమంటాది. చిన్న పట్టీతో 158/92. మళ్ళీ పోయి 22–42 పట్టీ తెచ్చి, అదే సాయంత్రం అదే కుర్చీలో చూస్తే 149/88. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తాదంట. ఇన్నేండ్లు క్లినిక్కుల్లో అమ్మకు ఏ పట్టీ చుట్టినారో మేము అడిగిందే లేదు.

రెండు చేతులకూ చూసినా. కుడి చేతికి 5 ఎక్కువ. ఏ చేతికి ఎక్కువొస్తే ఆ చేతికే ఇకమీదట చూడాల. రెండు చేతులకూ తేడా మాటిమాటికీ 10, 15 దాటుతాంటే మాత్రం డాక్టరుకు చెప్పాల్సిన సంగతే.

4వ రోజు

మిషను కష్టం కాదు, కూర్చోబెట్టడం కష్టం.

బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవాల. వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, ఒక కాలు మీద ఇంకో కాలు వేయకుండా, చెయ్యి గుండె ఎత్తుకు టేబుల్ మీద పెట్టి. అరగంట ముందు కాఫీ, టీ తాగకూడదు. ఒంటికి పోయి రావాల, ఒంటికి ఆపుకుని చూస్తే అంకె పెరుగుతాది. అన్నిటికీ అమ్మ సరేనంది. మాట్లాడకూడదు అన్నదొక్కటే కుదరలేదు.

“ఊరికే పిండుతాదే గానీ ఇదేం చెప్తాది రా నాకు. ఆ కుక్కరు రెండు కూతలు అయ్యిందా?” పట్టీ ఉబ్బుతా ఉంది, అమ్మ మాట్లాడుతా ఉంది. 151. ఒక్క నిమిషం ఆగి, నోటి మీద వేలు పెట్టించి చూస్తే 142. ఒక్క కుక్కరు మాటకు 9 పాయింట్లు. ఇంత తేడా ఒక మాత్ర వేస్తే తగ్గేంత తేడా అని తర్వాత తెలిసింది.

కుర్చీ కూడా మార్చినా. మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆనుడు లేదు. ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన కుట్టుమిషను బల్ల. బల్ల ఎత్తు సరిపోక కింద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టి, వాటి మీద చెయ్యి ఆనించినాము. ఆ పుస్తకాలు ఇన్నాళ్ళకు మళ్ళీ పనికొచ్చినాయి.

6వ రోజు

యాపు సంగతి. మిషను కంపెనీ సొంత యాపు, ఇంకో రెండు మామూలు లాగ్‌బుక్ యాపులు పెట్టి చూసినా. ఒకటి తెరవంగానే కాంటాక్టులు చూడనియ్యమంది. బీపీకి మా చిన్నాయన నంబరుతో ఏం పని? తీసేసినా. రెండోది అంకె ఎక్కించిన ప్రతిసారీ ఒక ప్రకటన చూపిస్తాది, అది కూడా “బీపీని 7 రోజుల్లో మాయం చేసే” పొడి ప్రకటన. అది కూడా పాయె. చివరికి మిషనుతో వచ్చిందే ఉంచినా. నాకు కావాల్సింది మూడే: నెట్ లేకున్నా పనిచేయాల, నెల లెక్క పీడీఎఫ్‌గా బయటికి తీయగలగాల, ప్రతి రీడింగు పక్కన టైము ఉండాల. ఆ మూడోది ఎంత పనికొస్తాదో 15వ రోజు తెలుస్తాది.

అమ్మ ఫోను నేను వాడి ఇచ్చిన పాతది. బ్లూటూత్ మిషను కనిపించకపోతే అరగంట తలబాదుకున్నా. ఆండ్రాయిడ్ పాత వెర్షన్లలో లొకేషన్ ఆన్ చేయకుండా చుట్టుపక్కల బ్లూటూత్ వెతకనియ్యదు. రోజూ పదిమందికి ఈ మాట చెప్పేవాణ్ణి, నా ఇంట్లో మర్చిపోయినా.

యాపులో తెలుగు లేదు. మిషను మీద తెల్ల స్టిక్కరు అంటించి “పైది”, “కిందిది”, “నాడి” అని రాసినా. అమ్మకు అదే చాలు.

మాత్ర గుర్తు చేసే యాపు వేరేగా పెట్టినా. మొదటి రెండు రోజులు మోగలేదు. ఇది మా అంగడికి వచ్చే ఫిర్యాదే: బ్యాటరీ మిగిలించే సెట్టింగు వెనక నడిచే యాపులను చంపేస్తాది. బ్యాటరీ సెట్టింగులోకి పోయి ఆ యాపుకు ఆంక్ష తీసేసి, ఆటోస్టార్ట్ ఇచ్చినా. 8వ రోజు నుంచి టంచనుగా మోగుతాంది. పొద్దున 8 కి మోగుతాది, అమ్మ “మింగినాను” అనే బొత్తాం నొక్కుతాది, పచ్చ టిక్కు పడుతాది. అదే రోజు 15 మాత్రల కొత్త స్ట్రిప్పు చింపినాము.

8 నుంచి 14వ రోజు

ఏడు రోజుల కొలత. పొద్దున మాత్ర, టిఫిను కంటే ముందు రెండుసార్లు, ఒక నిమిషం ఎడంతో. రాత్రి తినేకి ముందు రెండుసార్లు. మొదటి రోజుది లెక్కలోంచి తీసేయాల, మిగతా ఆరు రోజులవి 24 రీడింగులు కలిపి సగటు కట్టాల. డాక్టర్లు చూసేది ఈ సగటునే. క్లినిక్కులో 140/90 హద్దు అయితే ఇంట్లో కొలిచినదానికి హద్దు 135/85.

ఈ వారం రాయడానికి ఇంకేం లేదు. నేను అంగడికి పోతాను, అమ్మే చూసుకుంటాది, రాత్రికి అంకెలు ఫోన్లోకి వస్తాయి.

15వ రోజు

సగటు 141/85. బాగానే ఉందే అనుకున్నా. క్లినిక్కులో 164 ఉన్నది ఇంట్లో 141 అంటే మెట్లెక్కిన ఆయాసం, తెల్లకోటు భయం అని నాకు నేనే డాక్టరు మాటలు చెప్పుకున్నా. తర్వాత చూస్తే రీడింగులు 38 ఉన్నాయి. 24 ఉండాల.

వరసగా చూసినా. మంగళవారం పొద్దున 11:10 కి 112/70. 11:14 కి 119/76. గురువారం మధ్యాన్నం 3 గంటలకు 186/108. అమ్మకు అట్ల పడి లేచే బీపీ లేదు.

“ఎవరికి చూసినావు మా?”

“ఎవరికి చూడలేదు” అంది. తర్వాత, “పాలాయన అడిగె. ఆయన పెండ్లాం అడిగె. ఎదురింటి పెద్దమ్మ కూడా వచ్చి కూర్చునె. మిషను ఉండేది ఎందుకు మరి, దాచిపెట్టేకా?”

నేను ఫోన్లో చూసింది అమ్మ సగటు కాదు, మా ఎర్రముక్కపల్లె వీధి సగటు. నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఇంకో గంట చూడకపోయింటే ఆ 141/85 ని పీడీఎఫ్ చేసి డాక్టరు ముందర పెట్టేవాణ్ణి.

టైములు చూసి బయటివాళ్ళ 14 రీడింగులు తీసేస్తే అమ్మ అసలు సగటు వచ్చింది: 149/88.

మిషను మీద ఒక చిన్న బొమ్మ ఉంటాది, ఒక మనిషి, ఇద్దరు మనుషులు. అది ఎవరి రీడింగు ఎవరి ఖాతాలో పోవాలో చెప్పే బొత్తాం. ఇన్ని రోజులు దాన్ని నేను పట్టించుకోలేదు. ఒకటో ఖాతా అమ్మది, రెండోది ఊరిది అని స్టిక్కరు వేసినా.

186/108 ఎదురింటి పెద్దమ్మది. ఆమెకు 58, ఎప్పుడూ బీపీ చూపించుకోలేదు. అమ్మ అది చూసి మళ్ళీ ఇంకోసారి చూసిందంట, 182/104. పోయి అడిగితే తలనొప్పి లేదు, ఎద నొప్పి లేదు, ఏమీ లేదు, “బాగుండా కదరా” అంటాది. అంత అంకెతో పాటు ఎద నొప్పి, ఆయాసం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకేయడం ఏది ఉన్నా ఆ క్షణమే 108 అంబులెన్సుకు ఫోన్ చేయాల. అవేమీ లేకుంటే కూర్చోబెట్టి మళ్ళీ చూసి, అయినా ఎక్కువే ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి. మరుసటి రోజే ఆమెను తీసుకపోయినా. అక్కడ ఆభా నంబరు అడిగినారు, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతాది, 14 అంకెలది. ఆధార్ ఓటీపీతో అక్కడే నిలబడి నా ఫోన్లోనే తీసిచ్చినా. మాత్రలు మొదలైనాయి.

ఈ ప్రాజెక్టు వల్ల ఇప్పటిదాకా జరిగిన అసలైన మేలు తప్పు ఖాతాలో పడిన ఆ ఒక్క రీడింగుదే.

16వ రోజు

డాక్టరు పీడీఎఫ్ చూసినాడు. ఆయన చూసినంత సేపు నాకు పదో తరగతి మార్కుల జాబితా చూపించినట్టుంది. “ఇట్ల రాసుకొస్తే నాకు పని సులువు” అన్నాడు. “149 అంటే తగ్గాల. మాత్ర సరిగ్గా మింగుతాందా?”

నేను గర్వంగా రెండో యాపు తెరిచి చూపించినా. వరసగా పచ్చ టిక్కులు, ఒక్కటీ తప్పలేదు.

“అయితే ఈ మాత్ర ఒక్కటీ చాలట్లేదు. ఇంకో వారం ఇట్లే ఉంటే ఇంకోటి కలుపుదాం.”

22వ రోజు

రాత్రి అమ్మ మాత్రల డబ్బాలో నా తలనొప్పి మాత్ర వెతుకుతాన్నా. చేతికి ఆ స్ట్రిప్పు తగిలింది. 8వ రోజు చింపిన 15 మాత్రల స్ట్రిప్పు ఈ రాత్రికి ఖాళీగా ఉండాల. బొటనవేలితో తడిమితే ఇంకా గుండ్లు తగులుతున్నాయి. లైటు వేసి లెక్కపెట్టినా. ఆరు. ఫోన్ తెరిస్తే 15 కి 15 పచ్చ టిక్కులు.

అమ్మ మంచం మీద కూర్చుని టీవీ చూస్తాంది. స్ట్రిప్పు ముందర పెట్టినా. ఏమీ మాట్లాడలేదు. సీరియల్‌లో ప్రకటనలు వచ్చినాక చెప్పింది.

“అది మోగుతానే ఉంటాది రా. నొక్కితే గమ్మునుంటాది. నొక్కుతాన్నా.”

“మాత్ర?”

కాలు చాపింది. చీర కుచ్చిళ్ళు రవంత పైకి జరిపింది. చీలమండ దగ్గర పట్టీ గొలుసు దిగబడిపోయి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అట్లే నిలబడింది. “ఇది మింగిన రోజు సాయంత్రానికి కాళ్ళు ఇట్ల అవుతాయి. ఒకదినం మానేస్తే రవంత తగ్గుతాది. చెప్పులు పట్టవు.”

“డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?”

“ఆయన అడగలేదు కదా.”

నేనూ అడగలేదు. యాపు కూడా అడగలేదు, దానికి తెలిసింది ఒక్క బొత్తాం. ఆ బొత్తాం “మాత్ర మింగినాను” అని కాదు, “నోరు మూసుకో” అని నా తల్లి లెక్క.

ఆ రాత్రి కూర్చుని చదివినా. 2018లో అమెరికాలో బీపీ అదుపులో లేని 411 మందిమీద మాత్ర గుర్తుచేసే యాపును 12 వారాలు పరీక్షించినారు. మాత్రలు సరిగ్గా మింగుతున్నామని చెప్పినవాళ్ళు రవంత పెరిగినారు, బీపీ మాత్రం తేడా రాలేదు. మన పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ పోయి గుండెజబ్బు ముప్పు లెక్క కట్టించి, డాక్టరు దగ్గరికి పంపించే పద్ధతి పెట్టినారు. అక్కడ కూడా బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా ఇంట్లో కొలుచుకున్న అంకెలను చూసి డాక్టరు మందు మార్చిన చోట ఫలితం వచ్చింది. ఇంగ్లండులో 2018లో అచ్చైన టాస్మిన్‌హెచ్4 అనే పరీక్షలో ఏడాది తర్వాత మామూలుగా చూపించుకున్నవాళ్ళ పై బీపీ సగటున 140 దగ్గర ఉంటే, ఇంట్లో కొలిచి డాక్టరుకు పంపినవాళ్ళది 136, 137 దగ్గరికి దిగింది. 4 పాయింట్లు అంటే పెద్దది కాదనిపిస్తాది గానీ, అమ్మ కుక్కరు మాటకు 9 పెరిగింది చూసినవాణ్ణి, అంత తేలిగ్గా తీసేయలేను.

23వ రోజు

డాక్టరుకు మళ్ళీ చూపించినా, ఈసారి స్ట్రిప్పు కూడా తీసుకపోయినా. అమ్మ కాళ్ళు చూసినాడు. “ఇది నువ్వు మింగే ఆమ్లోడిపిన్ మాత్రతో వచ్చే వాపే, చాలామందికి వస్తాది. మొదటే చెప్పింటే అయిపోయేది కదమ్మా” అన్నాడు. రెండో మాత్ర కలపలేదు. ఉన్నదాన్ని తీసేసి టెల్మిసార్టాన్ 40 అనే వేరే బీపీ మాత్ర రాసినాడు. రెండు మూడు వారాల్లో రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పని తెలిపేది), పొటాషియం చూపించమన్నాడు. పచ్చ టిక్కులు నమ్మింటే అమ్మ ఒంట్లోకి మింగని మాత్ర మీద ఇంకో మాత్ర పోయేది.

మాత్ర యాపు తీసేసినా. దాని బదులు ఫోన్లో మామూలు గడియారం అలారమే పెట్టినా, బ్యాటరీ ఆంక్షలు దాని జోలికి రావు. పాట బదులు నా ఏడేండ్ల కూతురి గొంతు రికార్డు చేసినా: “జేజీ, మాత్ర మింగినావా? నోరు చూపియ్యి!” మొదటి రోజు అమ్మ ఫోనుకు జవాబు చెప్పింది. “మింగినాలే తల్లీ” అని. ఏడు గళ్ళ డబ్బా తెచ్చి ఆదివారం రాత్రి నింపుతాం. గడి ఖాళీగా ఉందా లేదా అన్నది చూస్తే చాలు.

33వ రోజు

ఊరగాయ రోజు. అమ్మ కాళ్ళు మామూలుకు వచ్చినాయి, మామిడికాయలు కొనుక్కొచ్చింది తనే, ఆపలేకపోయినా. ఆపే బదులు తూకం తెచ్చిపెట్టినా. అంగట్లో ఇనుప సామాను తూచేది, కడిగి.

కిలో ముక్కలకు పావుకిలో కల్లుప్పు. పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, 300 గ్రాముల నూనె. మొత్తం 2 కిలోల 50 గ్రాములు, అందులో ఉప్పు 250. అంటే నూటికి 12 పైన. అన్నంలోకి అమ్మ వేసుకునే ముక్క, దాని గుజ్జు తూచితే 20 గ్రాములు, అందులో ఉప్పు దాదాపు రెండున్నర గ్రాములు. రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చిన్న చెంచాడు. ఒక్క ముక్కకు సగం రోజుది అయిపాయె, ఇంకా పప్పు, రసం, అప్పడం, ఊరిన మిరపకాయ ఉన్నాయి.

ఈ లెక్క చెప్తే అమ్మ కోపం చేసుకోలేదు, ఆశ్చర్యపోయింది. “నేను ముక్క ఒకటే కదా అనుకుంటి.” రెండు పూటలా వేసుకునేది మధ్యాన్నం ఒక్కపూట చేసింది, ముక్క చిన్నది. రాత్రికి చెనక్కాయల పొడి, దాంట్లో కూడా ఉప్పు సగం. రాగి సంగటిలోకి ఉప్పు వేయడం మానేసింది, ఎవరికీ తేడా తెలియలేదు.

మా బావ సోడియం తక్కువుండే ఉప్పు ప్యాకెట్టు తెచ్చిచ్చినాడు. మంచి ఉద్దేశమే. కానీ దాంట్లో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. అమ్మ ఇప్పుడు మింగే టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియంను నిలబెడుతుంది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆమెకు వద్దన్నాడు. ప్యాకెట్టు మా ఇంట్లో అట్లే ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు కూడా అడగకుండా అది వాడకూడదు.

44వ రోజు

మే ఎండ. పొద్దున పది దాటితే వీధిలో కుక్క కూడా లేదు. మధ్యాన్నం అమ్మ మంచం మీద నుంచి లేస్తానే తల తిరిగి గోడ పట్టుకుంది. కూర్చోబెట్టి చూస్తే 126/78. లేపి నిలబెట్టి రెండు నిమిషాల తర్వాత 104/66. నిలబడినాక మూడు నిమిషాల లోపల పైది 20 పడిపోయినా, కిందిది 10 పడిపోయినా అది చెప్పాల్సిన సంగతే. ఆ పొద్దున నుంచి తాగింది రెండు గ్లాసుల నీళ్ళు. మజ్జిగ తాగించినాము, సాయంత్రానికి తేరుకుంది. మాత్ర మాత్రం మా అంతట మేము మానలేదు, డాక్టరుకు రెండు అంకెలూ పంపినా. నీళ్ళు తాగించండి, రెండు రోజులు చూడండి అన్నాడు. మళ్ళీ రాలేదు. కరెంటు పోయిన రాత్రుల్లో నిద్ర లేక పొద్దున రీడింగు 6, 7 పెరిగినట్టు కనిపిస్తాంది, కానీ రెండు రాత్రులు చూసి ఏం చెప్పలేను.

రక్తం రిపోర్టు వచ్చింది, క్రియాటినిన్, పొటాషియం రెండూ హద్దులోనే.

49 నుంచి 56వ రోజు

రెండో ఏడు రోజుల కొలత. ఈసారి 24 కు 24, అన్నీ ఒకటో ఖాతాలోనే. సగటు 133/81.

డాక్టరు ఇదే మాత్ర కొనసాగించమన్నాడు. రోజూ చూడొద్దన్నాడు, అట్ల చూస్తే ఆ అంకె దిగులుతోనే అంకె పెరుగుతాదంట. మళ్ళీ చూపించుకునే ముందు వారం చాలు. అమ్మకు ఇది నచ్చలేదు, మిషను అలవాటైపోయింది.

మిగిలిన పని ఒకటుంది. ఎదురింటి పెద్దమ్మది బటన్ ఫోన్. ఆమె రీడింగులు మా మిషను రెండో ఖాతాలో ఉన్నాయి గానీ, ఆమె చేతికి ఇచ్చేకి ఏమీ లేదు. నా డ్రాయరులో ఉన్న పాత స్మార్ట్ ఫోను ఒకటి సిద్ధం చేద్దామని నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చినా. వచ్చేసరికి ఇద్దరూ కుట్టుమిషను బల్ల దగ్గర ఉన్నారు. పెద్దమ్మ చెయ్యి టెలిఫోన్ డైరెక్టరీల మీద ఉంది. ఆమె కోడలి సంగతి ఏదో మొదలుపెట్టింది.

“మాట్లాడాకు” అంది మా అమ్మ. “ఐదు నిమిషాలు.”

పట్టీ ఉబ్బి, దిగి, 144/90 పడింది. అమ్మ లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికి పోయింది. పాల లెక్క రాసే క్యాలెండరు. నిన్నటి తేదీ గడిలో అర లీటరు అని ఉంది, దాని కింద చిన్నగా “పె. 144/90” అని రాసింది. పైన గళ్ళల్లో అట్లాంటివి ఇంకా తొమ్మిది ఉన్నాయి. నేను ఫోను జేబులోనే ఉంచుకున్నా.